వెలుతురు వేడిమితో రాచపుండునకు చికిత్స
గడ్డ కనబడగానే కాపడము పెట్టుట మా బల్మూరు వంటి పల్లెలలో పాత వాడుక. దానివలన రాచపుండు, అనగా క్యాన్సరు, పోదు. నెలలు మాత్రము గడచిపోవును. శాస్త్రజ్ఞులు చెప్పు వేడిమి వేఱు. అతిసూక్ష్మమైన బంగారు రేణువులను గడ్డలోనికి చేర్చి, కంటి కగపడని పరారుణకాంతిని ప్రసరింపజేయుదురు. రేణువు లా కాంతిని మ్రింగి కాగును. చుట్టునున్న దుష్టకణములు చచ్చును. 2003లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు రొమ్ము క్యాన్సరు కణములపై దీనిని చూపిరి. 2019లో ప్రకటింపబడిన పరీక్షయందు ప్రోస్టేటు క్యాన్సరుగల 16 మందిలో 15 మందికి చికిత్స నెరవేరినది.

ఆ బంగార మొడలిలోనే నిలిచిపోదా? (బంగారము దాచుకొను మనకీ సందేహము సహజమే!) శరీరమునుండి వెడలిపోవు రేణువులను ఎలుకలలో పరీక్షించి 2015లో ప్రకటించినవారిలో నొకరు, కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యులు అరవింద్ కుమార్ రెంగన్ గారు.

ఇది యింకను పరీక్షల దశయందే యున్నది. నేడు హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో లభించునవి శస్త్రచికిత్స, కిరణచికిత్స, మందులు.