చేపల తొలిదశ పెరుగుదలపై చమురు కాలుష్య ప్రభావం

చమురు కాలుష్యమనగానే ఓడ ప్రమాదాలు, నల్లబడిన సముద్ర తీరాలు స్ఫురిస్తాయి. అయితే తూర్పు కనుమల చెంత ఉన్న శృంగవరపుకోట వంటి ప్రాంతాలలో కూడా ఈ సమస్య చిన్న మోతాదులలో తలెత్తగలదు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. రోడ్లపైన, మరమ్మతు షెడ్ల వద్ద, డీజిల్ ఇంజన్ల చుట్టూ ఒలికిన నూనెను వానలు కడిగి కాలువలకు, చెరువులకు చేరుస్తాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు గుడ్లు పెట్టేది కూడా ఆ వానాకాలంలోనే.

గుడ్డు దశ సున్నితత్వం

ఈ చేపల గుడ్లు సుమారు 28 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 14–18 గంటలలో పిగులుతాయి. తరువాత మూడు రోజులలో పిల్ల తన సొన సంచిని వాడుకొంటుంది. గుండె, కళ్ళు, దవడలు, మొప్పలు రూపొందేది ఈ స్వల్ప వ్యవధిలోనే. పెద్ద చేప కలుషిత నీటి నుండి తప్పుకోగలదు. దాని కాలేయం విషాన్ని కొంతవరకు విచ్ఛిన్నం చేయగలదు. పిండం కదలలేదు, దాని కాలేయం ఇంకా ఏర్పడలేదు. పైగా సొనలోని కొవ్వు చమురు పదార్థాలను నీటి నుండి తనలోనికి లాగుకొంటుంది. కొరమీను గుడ్లు నీటిపై తేలుతాయి గనుక అవి నేరుగా చమురు పొరకే తగులుతాయి.

గుండెపై ప్రభావం

ప్రధాన హాని పైకి కనిపించే పొర వలన గాక, నీటిలో కరిగే పాలీసైక్లిక్ ఏరోమాటిక్ హైడ్రోకార్బన్ల వలన కలుగుతుంది. ఫినాంత్రీన్ వంటి మూడు వలయాల అణువులు గుండె కణాలలో పొటాషియం, కాల్షియం కదలికలను భంగపరుస్తాయి. స్పందన మందగించి లయ తప్పుతుంది. గుండె చుట్టూ, సొన సంచిలో నీరు చేరుతుంది. దవడ కురచబారి, వెన్ను వంగుతుంది. ఎండ తగిలితే పారదర్శకమైన పిల్లలలో ఈ విషప్రభావం మరింత పెరుగుతుంది.

బ్రతికిన పిల్లలు కూడా క్షేమమని చెప్పలేము. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి సుమారు 37 వేల టన్నుల ముడిచమురు ఒలికింది. తరువాతి పరిశోధనలలో, నూరు కోట్ల వంతుల నీటిలో 20 వంతులకు లోపు ఉన్న హైడ్రోకార్బన్లకు గురైన గులాబీ సాల్మన్ గుడ్ల నుండి ఆరోగ్యంగా కనిపించే పిల్లలు వచ్చినా, వాటిలో పెద్దవై తిరిగి వచ్చినవి తగ్గాయి.

మన సాగు పద్ధతులు

వరిలో ఆకు ముక్కలను గొట్టాలుగా చుట్టుకొని బ్రతికే పురుగు కొరకు మడి నీటిలో కిరోసిన్ వేసి తాడు లాగుతారు. ఆ నీటిని వెంటనే చెరువు వైపు విడిచిపెట్టరాదు. నర్సరీ చెరువులలో నీటి పురుగుల నివారణకు, స్పాన్ వదలడానికి 12–24 గంటల ముందు, హెక్టారుకు 56 కిలోల చౌక వృక్షసంబంధ నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లడం సిఫారసులో ఉంది. దీనికి బదులు డీజిల్ వాడడమూ ఉంది. రెండూ పురుగులకు ఊపిరాడకుండా చేస్తాయి. కానీ పై హైడ్రోకార్బన్లు ఉండేది డీజిల్‌లోనే. పొర మాయమైనా అవి అడుగు మట్టిలో నిలువ ఉంటాయి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. వాడిన ఇంజన్ నూనెను డబ్బాలలో సేకరింపజేయాలి, కాలువలలో పోయనీయరాదు.

2. తొలి వానల నీటిని నర్సరీ చెరువులలోనికి మళ్ళించరాదు. హేచరీకి నీటిని పై పొర నుండి గాక మధ్య లోతు నుండి తీసుకోవాలి.

3. చమురు పొర కనిపిస్తే సబ్బు పొడి చల్లరాదు. పొర విడిపోయి నీరు శుభ్రంగా కనిపించినా, సన్నని బిందువులుగా మారిన చమురు గుడ్లకు మరింత అందుబాటులోకి వస్తుంది. ఎండుగడ్డితో పీల్పించి, ఆ గడ్డిని గట్టుకు దూరంగా తొలగించాలి.

4. స్పాన్ కొనే ముందు కొన్ని పిల్లలను సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. గుండె చుట్టూ నీరు, వంగిన వెన్ను అనేకం కనిపిస్తే ఆ స్పాన్‌ను తిరస్కరించాలి. ఇతర విషాలు, ఆక్సిజన్ లోపం కూడా ఇట్టి లక్షణాలనే కలిగించగలవు గనుక, చమురే కారణమని నిర్ధారించే ముందు నీటి పరీక్ష చేయించాలి.