బండి పోయే దారెక్కడ?

కొత్త ఊళ్లో కాపురం పెట్టినవాళ్లు ముందు మంచినీళ్లు ఎక్కడని అడుగుతారు. తర్వాత అరువిచ్చే కొట్టు ఎక్కడని అడుగుతారు. సంఘం పనిమీద గుడివాడ ప్రాంతం నుంచి దివిసీమకు మకాం మార్చినప్పుడు మేం అడిగిన మొదటి మాట వేరు. "తారు రోడ్డు దిగాక బండి పోయే దారెక్కడ?" అని అడిగాం.

టీ కొట్టాయన నవ్వాడు. "ఇంత రోడ్డుండగా డొంకలు మీకెందుకండీ?" అన్నాడు. నిజమే, రోడ్డుంది. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దాకా బస్సులు తిరుగుతాయి. బందరు నుంచి జాతీయ రహదారే ఉంది. కాని కూలి పని తారు రోడ్డు మీద జరగదు. ఊడ్పులు చేలో జరుగుతాయి. కోతలు చేలో జరుగుతాయి. కూలీల పేటలు ఊరి చివర ఉంటాయి, యానాదుల గుడిసెలు మురుగు కాలవ గట్టున ఉంటాయి. తెల్లారి ఆరు గంటలకు ముఠాను కలవాలంటే చేలోకే పోవాలి. అందుకే కూలి రేట్ల లెక్క కంటే ముందు మేం దారుల లెక్క నేర్చుకోవలసి వచ్చింది.

మా దగ్గరున్నది పాత బండి. గుడివాడలో కూలీలు ధాన్యం అమ్మి, చందాలు వేసి కొనిచ్చింది. అది ఎక్కడ నిలబడిపోతే మా పని అక్కడ నిలబడిపోయినట్టే.

మట్టి నేర్పిన పాఠం

మొదటి వారంలోనే మాకు తగిన శాస్తి జరిగింది. నాలుగు చినుకులు పడ్డాక ఓ డొంకలోకి దిగాం. వంద గజాలు పోకముందే చక్రం ఆగిపోయింది. డెల్టా నల్లమట్టి సంగతి తెలిసిందే కదా, ఎండితే రాయి, తడిస్తే బంక. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి బిగదీసింది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. అటుగా సైకిలు భుజాన వేసుకుని వస్తున్న ముసలాయన ఆగి, "ఏం బాబూ, కొత్తా? ముందు పుల్ల తీసుకో, మట్టి గోకు. వానాకాలం ఇక్కడ బండిమీద మనం పోం, మనమీదే బండి పోద్ది" అన్నాడు.

ఆ రోజు నుంచి బండికి ఓ వెదురు పుల్ల కట్టుకున్నాం. తర్వాత ఒక్కొక్కటే తెలిశాయి. బురదలో ముందు బ్రేకు పట్టుకుంటే పడటం ఖాయం. గేరు మార్చకుండా ఒకే ఊపున పోవాలి. నీళ్లలో దిగాక యాక్సిలేటరు వదిలితే సైలెన్సరులోకి నీళ్లు లాగుతుంది. పాలకాయతిప్ప వైపు ఇసుకలో పోవాలంటే టైర్లలో కాస్త గాలి తీయాలి. దమ్ము చక్రాల ట్రాక్టరు తిరిగిన డొంకలో పదిహేను రోజులు కాలు పెట్టకూడదు. ఇవేవీ మాకు పుస్తకంలో దొరకలేదు. పాత టీవీఎస్ బండిమీద చేపల గంపలు కట్టుకు తిరిగేవాళ్లు, గీత కార్మికులు, కాలవ మీద లస్కర్లు, వీళ్లే మా గురువులు.

అన్నిటికంటే నమ్మకమైన దారి కరకట్ట. తర్వాతది కాలవ గట్టు. ఆ తర్వాత మురుగు కాలవ గట్టు, చివరకు డొంక. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఎటైనా పోవచ్చు. నీళ్లు వదిలి ఊడ్పులు మొదలైతే సగం దారులు మూతపడతాయి. సార్వా కోసి చేలో మినుము మొలిచాక గట్టు దిగకూడదు, దిగితే పేద రైతు కడుపు కొట్టినట్టే. ఎదురుమొండి పోవాలంటే పంటు మీద బండి ఎక్కించాలి, పంటు ఎప్పుడొస్తుందో నీటి పోటును బట్టి ఉంటుంది.

ఈ కట్టలు ఎవరు వేశారు?

కరకట్ట మీద పోతున్నప్పుడల్లా మాకు ఓ ఆలోచన వస్తుంది. బెజవాడ దగ్గర కృష్ణకు పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఆనకట్ట కట్టించిన దొర పేరు చరిత్రలో ఉంది. బ్యారేజీకి నాయకుడి పేరు ఉంది. గుడివాడ వైపు, బందరు వైపు, దివి వైపు వందల మైళ్ల కాలవలు తవ్వి, ఆ మట్టిని తట్టలతో గట్టుకెత్తిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల మనవలు ఇవాళ అదే గట్టు మీద నడిచి కూలికి పోతున్నారు.

డొంకల కథా అంతే. చల్లపల్లి జమీందారీ ఏలిన కాలంలో డొంకలో పశువును తోలాలన్నా దివాణం మనుషుల మొహం చూడాల్సిన రోజులుండేవని పెద్దలు చెబుతారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. వాటితో పాటు డొంకలు, పుంతలు, మందబయళ్లు, శ్మశానాలు అన్నీ ప్రభుత్వ పరమయ్యాయి. అంటే ప్రజల పరమయ్యాయి. కాగితం మీద ఇది తిరుగులేని మాట. నేలమీద ఏం జరిగిందో ఇక చెబుతాం.

సరదాకు వచ్చిన కుర్రాడు

మేం వచ్చిన ఏడాదే హైదరాబాదు నుంచి ఓ కుర్రాడు ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాడు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని. అతని దగ్గర ఎత్తుగా, సన్నగా, ముళ్ల టైర్ల బండి ఒకటుంది. పదేళ్లుగా మన దేశంలోనూ ఇలాంటివి అమ్ముతున్నారు. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాక పట్నాల్లో ఉద్యోగస్తుల పిల్లలకు రోడ్డులేని చోట బండి నడపడం సరదా అయింది. ఆదివారాలు కొండలకు, అడవులకు పోతారట. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. అంతా పలక లాంటి నేల. పాపం ఆ కుర్రాడికి ఏం తోచలేదు. మమ్మల్ని బురద బట్టలతో చూసి, "అన్నా, ఇక్కడ బండి తోలటానికి మంచి చోట్లు ఎక్కడున్నాయి?" అని అడిగాడు.

మేం అడిగిన ప్రశ్నే! మేం పొట్టకూటి పనికి అడిగాం, అతను సరదాకు అడిగాడు. మాకు కోపం రాలేదు. కష్టపడేవాడికి సరదా ఉండకూడదని ఎవరన్నారు? కాని నాలుగు మాటలు చెప్పాం. పంట ఉన్న చేలో దిగకు. ధాన్యం ఎండబోసిన చోట తొక్కకు, అది కౌలు రైతు ఏడాది కష్టం. మడ అడవి అభయారణ్యంలోకి బండి పోనీకు. హంసలదీవి తీరాన జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, అక్కడ చక్రం తిప్పకు. ఇవి పోను నువ్వు తిరగడానికి ఈ సీమలో కావలసినన్ని డొంకలున్నాయి, వచ్చి మాతో తిరుగు అన్నాం.

వచ్చాడు. ఆదివారాలు మాతో తిరిగాడు. తిరిగిన ప్రతి దారీ తన ఫోనులో గుర్తు పెట్టుకున్నాడు. మూడు నెలలయ్యాక ఫోను మా ముందు పెట్టి, "అన్నా, మనం పదకొండు డొంకల్లో దిగాం. నాలుగు మధ్యలోనే ఆగిపోయాయి. ఎందుకు?" అన్నాడు. ఎందుకో అతనికీ తెలుసు. నాలుగింటికీ అడ్డం పడినవి రొయ్యల చెరువుల గట్లే. ఆ చెరువుల నీళ్లే అతను ల్యాబులో పరీక్ష చేసేది.

మూసుకుపోయిన డొంక

ఆ నాలుగింటిలో ఒకటి మా పేటవాళ్లు చేలోకి పోయే డొంక. ఊడ్పుల రోజుల్లో ఓ సాయంత్రం ఆ చివరి చేలో మా సంఘం మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, పాము కరిచింది. దివిసీమలో పాముకాటు కొత్త కాదు. 2018 ఆగస్టులో పాముకాట్లు మరీ పెరిగిపోతే మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. విషానికి విరుగుడు మంత్రంలో లేదు, సూదిమందులో ఉంది. ఆ మందు ఆస్పత్రిలో ఉంటుంది. ఆస్పత్రికి పోవాలంటే దారుండాలి.

108 బండి రోడ్డు దగ్గర ఆగిపోయింది. డొంక సగంలో చెరువు గట్టు అడ్డం. మా పాత బండి బురదలో కూరుకుపోయింది. ఆడవాళ్లు ఆమెను నులక మంచం మీద పడుకోబెట్టి చేల గట్ల మీద మోసుకొస్తున్నారు. జారుతున్నారు, లేస్తున్నారు. ఫోను చేస్తే ఆ కుర్రాడు మురుగు కాలవ గట్టు పట్టుకుని వచ్చాడు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, వెనక వాళ్ల ఆడపడుచు పట్టుకుంటే, కాళ్లు నేలకు తన్నుకుంటూ బండిని రోడ్డెక్కించాడు. బతికింది. కాని కాలు బాగుపడి మళ్లీ చేలో దిగడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల కూలి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు పేటలో మీటింగు పెట్టాం. "దారి ఉంటే నేను మంచమెక్కేదాన్ని కాదు గదన్నా" అని ఆమె ఆస్పత్రి నుంచి కబురు పంపింది. అంతకంటే పెద్ద ఉపన్యాసం మాకు అక్కర్లేకపోయింది.

సమాచార హక్కు చట్టం కింద గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. కాగితాలు అడిగి తీసుకున్నాం. పటంలో డొంక వెడల్పు 30 లింకులు, అంటే సుమారు 20 అడుగులు. నేలమీద నాలుగడుగులు లేదు. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. మళ్లీ ఇచ్చాం. మూడోసారి అరవైమంది ఆడవాళ్లు అర్జీతో పాటు మంచం కూడా మోసుకెళ్లి ఆఫీసు ముందు పెట్టారు. అప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకుని కదిలాడు.

కొలతల రోజున చెరువు ఆసామి వచ్చి, "ఎప్పటినుంచో నా సాగులో ఉంది, ఈ డొంకలో ఇప్పుడెవరు నడుస్తున్నారు?" అన్నాడు. నడిచే దారి మింగేసి నడిచేవాళ్లేరీ అని అడగడమంటే ఇదే. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు ఎన్నేళ్లనాటివైనా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు తెలుగులో రాయించి పట్టుకెళ్లాం, అక్కడే చదివి వినిపించాం.

పన్నెండడుగులు తెరుచుకుంది. మిగతా ఎనిమిది అడుగులు ఇంకా చెరువు గట్టు కిందే ఉంది. ఓ ఆదివారం పేట జనమంతా తలా తట్ట పట్టి మట్టి వేశారు. ఇప్పుడు మోటారు సైకిలు పోతుంది, ఆటో పోతుంది. 108 పోతుంది గాని మలుపులో తిరగలేదు. అందుకని పోరాటం ముగియలేదు.

అసలు రోగం

ఇది ఒక్క డొంక గొడవ కాదు. వ్యవసాయ భూములనూ మడ అడవులనూ రొయ్యల చెరువులు చేయకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కేంద్రం తీర ప్రాంత ఆక్వా చట్టం తెచ్చి ఆ పట్టు సడలించింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మరింత పెరిగాయి. ఎకరం వరిచేలో ఊడ్పు ఉంది, కలుపు ఉంది, కోత ఉంది, నూర్పిడి ఉంది. చెరువు అయితే పట్టుబడి రోజున తప్ప కూలీకి పని లేదు, గట్టు మీద కాపలాకు ఒక మనిషి చాలు. ముందు పని పోయింది, తర్వాత పనికి పోయే దారి పోయింది, పక్క చేలకు ఉప్పు ఊరింది. నష్టం కూలీతో ఆగలేదు, చిన్న రైతుకూ చుట్టుకుంది. అందుకే డొంక విషయంలో చిన్న రైతు మనవాడే. అతన్ని కలుపుకుని పోవాలి.

1977 నవంబరు 19 ఉప్పెనను ఈ సీమ మరచిపోలేదు. పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు శవాల దిబ్బలయ్యాయి. దారులు కొట్టుకుపోయి బతికినవాళ్లకు గుక్కెడు నీళ్లు చేర్చడమే గగనమయింది. తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, మంచిదే. అక్కడికి పరిగెత్తాల్సిన డొంక చెరువు గట్టుతో ఆగిపోతే షెల్టరు ఎవరికి ఉపయోగం?

మనం చేయవలసింది

ప్రతి ఊళ్లో సంఘం మనుషులు నలుగురు కలిసి వేసవిలో ఒక్కసారి డొంకలన్నీ తిరగాలి. నడిచి గాని, సైకిలు మీద గాని, బండి మీద గాని తిరగండి. ఎక్కడ ఆగిపోయిందో రాసుకోండి. గ్రామ పటం సంపాదించి పక్కన పెట్టి చూడండి. పటంలో ఎన్ని లింకులుందో, నేలమీద ఎంతుందో ఊరందరి ముందు చదవండి. రీసర్వే అయిన చోట కొత్త పటంలో డొంక ఉందో లేదో తప్పక చూసుకోండి. కొత్త కాగితంలో గీత చెరిగిపోతే తర్వాత ఎవరిని అడుగుతాం? ఉపాధి పనుల్లో మన చేతులతో మట్టి వేసిన దారి అని రుజువులుంటే దాచిపెట్టండి.

బండి ఉన్న కుర్రాళ్లను పిలవండి. "బండి తోలటానికి చోటు కావాలా? రండి, మన ఊరి డొంకలన్నీ తిరుగుదాం" అనండి. సరదాగా వచ్చినవాడు దారి మధ్యలో ఆగిపోయినప్పుడు, ఎందుకు ఆగిపోయిందని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగించడమే మన పని.

ఆ హైదరాబాదు కుర్రాడు ఇప్పుడు ల్యాబు ఉద్యోగం మారాడు, బందరులో ఉంటున్నాడు. మొన్న ఫోను చేసి, "అన్నా, ఇటు బందరు వైపు డొంకలు మొదలుపెడదామా?" అన్నాడు. వచ్చే ఆదివారం పోతున్నాం. వెదురు పుల్ల కట్టుకునే పోతున్నాం.