చక్కెరే నొక్కే మీట

మన పేగుల్లో బతికే ఇ.కోలై బ్యాక్టీరియాకు గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ కలిపి పెడితే ముందు గ్లూకోజ్‌ను పూర్తిగా ఖాళీ చేస్తుంది. ఆ తర్వాత కాసేపు పెరుగుదల ఆగిపోతుంది. మళ్లీ పుంజుకునే సమయానికి లాక్టోజ్ తింటూ కనిపిస్తుంది. 1940ల తొలినాళ్లలో పారిస్‌లో జాక్ మోనో ఈ పెరుగుదలను గ్రాఫ్ గీస్తే రెండు మెట్లు వచ్చాయి. ఆ మెట్ల మధ్య విరామంలో కణం ఏం చేస్తోందన్నదే ప్రశ్న.

పాలలో ఉండే లాక్టోజ్‌ను వాడుకోవాలంటే ముఖ్యంగా రెండు ప్రోటీన్లు కావాలి. పర్మియేజ్ దాన్ని కణంలోకి చేరవేస్తుంది. బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైము దాన్ని గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొడుతుంది. వాటి జన్యువులు డీఎన్‌ఏ మీద పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ మీట ఒక్కటే. విరామంలో కణం ఈ ప్రోటీన్లనే తయారుచేసుకుంటుంది.

లాక్టోజ్ లేనప్పుడు ఆ జన్యువుల మొదట్లో రిప్రెసర్ అనే ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టుకుని కూర్చుంటుంది. జన్యువును చదవాల్సిన పాలిమరేజ్‌కు దారి ఉండదు. లోపలికొచ్చిన లాక్టోజ్‌లో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి రిప్రెసర్‌కు అంటుకుంటుంది. దాంతో రిప్రెసర్ ఆకారం మారి పట్టు జారిపోతుంది. ఎంజైము ఉత్పత్తి వెయ్యి రెట్ల దాకా పెరుగుతుంది.

మరి పర్మియేజ్ లేనిదే లాక్టోజ్ లోపలికి రాదు, లాక్టోజ్ రానిదే పర్మియేజ్ తయారవదు కదా! అల్లోలాక్టోజ్ తయారుచేసేది కూడా బీటా గాలక్టోసిడేజే. ఈ చిక్కు విడిపోయేది రిప్రెసర్ పట్టు నూటికి నూరుపాళ్లు కాకపోవడం వల్లే. అది అప్పుడప్పుడూ డీఎన్‌ఏను వదులుతుంది. ఆ సందులో కొద్దిపాటి ప్రోటీన్లు ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. తొలి లాక్టోజ్‌కు తలుపు తీసేది అవే.

గ్లూకోజ్ ఈ మీటను ప్రభావితం చేసేది వేరే మార్గంలో. అది తగ్గినప్పుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. అది సీఆర్‌పీ అనే ప్రోటీన్‌తో కలిసి పాలిమరేజ్‌కు ఊతమిస్తుంది. గ్లూకోజ్ ఉన్నంతసేపు ఆ ఊతం అందదు, పైగా పర్మియేజ్ పని కూడా మందగిస్తుంది.

రిప్రెసర్ లోపించిన బ్యాక్టీరియా లాక్టోజ్ లేకున్నా ఎంజైమును తయారుచేస్తూనే ఉంటుంది. ఆర్థర్ పార్డీ, ఫ్రాన్స్వా జాకోబ్, మోనో కలిసి రిప్రెసర్, ఎంజైము రెండూ చేయలేని కణాల్లోకి ఆ రెండింటి మంచి జన్యువులను పంపారు. ఎంజైము ఉత్పత్తి వెంటనే మొదలై, రిప్రెసర్ పోగయ్యాక ఆగిపోయింది. అంటే జన్యువును ఆపడానికంటూ ఒక పదార్థం ఉందన్నమాట. 1961లో జాకోబ్, మోనో ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా వివరించారు. 1965లో ఆంద్రె ల్వోఫ్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. కణానికి సుమారు 10 మాత్రమే ఉండే ఆ రిప్రెసర్‌ను మరుసటి ఏడాది వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ విడిగా పట్టుకున్నారు.

జన్యువు ఉండటం వేరు, పనిచేయడం వేరు అని దీంతో స్పష్టమైంది. ఎప్పుడు ఏది పనిచేయాలో నిర్ణయించడానికి కణంలో ప్రత్యేకంగా ఎవరూ లేరు. చక్కెర అణువు, దాన్ని గుర్తించే ప్రోటీన్ కలిస్తే చాలు. 1978లో బ్యాక్టీరియాతో మానవ ఇన్సులిన్ చేయించినప్పుడు శాస్త్రవేత్తలు వాడుకున్నది ఈ లాక్టోజ్ మీటనే.