చివరి అడుగు లార్వాదే

రేవు రాళ్లకు, ఓడల అడుగుకు అంటుకుపోయే బార్నకిల్‌ ఒకసారి కుదురుకుంటే మళ్లీ చోటు మారదు. కాబట్టి దాని బతుకంతా ఒక్క నిర్ణయం మీదే ఆధారపడుతుంది. ఆ నిర్ణయం సిప్రిడ్‌ అనే చివరి దశ లార్వాది. అది ఆహారం ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే చోటు వెతుక్కోవాలి. తలముందరి రెండు స్పర్శశృంగాలను కాళ్లలా వాడుతూ, రాతిని అంగుళం అంగుళం తడుముతుంది. నచ్చకపోతే వదిలేసి ఈదుకుంటూ పోతుంది. నచ్చితే సిమెంటులాంటి జిగురు వదిలి శాశ్వతంగా అతుక్కుంటుంది.

ప్రవాహం ఎటు తోస్తే అటు పోయే అణువంత జీవికి ఎంపిక ఎక్కడిదని అడగవచ్చు. దూరప్రయాణం ప్రవాహానిదే, నిజం. కానీ తీరా రాయి తాకాక మాట లార్వాదే. సిప్రిడ్లు తమ జాతి పెద్దలున్న చోటే ఎక్కువగా స్థిరపడతాయని 1953లో జంతుశాస్త్రవేత్త నైట్‌-జోన్స్‌ ప్రయోగాలతో చూపాడు. పెద్దలు బతికారంటే అక్కడ బతకవచ్చని రుజువు. కదలలేని జీవికి జతకట్టడానికీ పొరుగు కావాలి. ఇది మనలాంటి ఆలోచన కాకపోవచ్చు, కొవ్వు తరిగేకొద్దీ పట్టింపు సడలనూవచ్చు. అయినా తడిమి, పోల్చి, తిరస్కరించడం ఎంపికే. ఆల్చిప్పల లార్వాలూ పాత చిప్పలనే ఎక్కువగా వెతుక్కుంటాయి. అందుకే నశించిన ఆల్చిప్పల దిబ్బలను నిలబెట్టేవారు కడలి అడుగున ఖాళీ చిప్పలు పరుస్తారు. సముద్రాన్ని బతికించాలంటే నీరు శుభ్రంగా ఉంటే చాలదు, పిల్లజీవులు ఒప్పుకునే నేల కూడా మిగలాలి.