వైద్యుల విన్నపము, రోగుల రక్షణ: నాందేడు అనుభవము

వైద్యుని పని రోగి పడకచెంతనే ముగియునని సామాన్యముగ తలతురు. మందులు లేనిచోట మందులు కావలెననియు, సిబ్బంది చాలనిచోట నియామకములు జరుగవలెననియు ప్రభుత్వమునకును ప్రజలకును ఎరుకపరచుట కూడ ఆ పనిలోని భాగమే. ఈ విన్నపము వైద్యుల స్వవృత్తిరక్షణకు మాత్రమేనా, రోగికిని అక్కరకు వచ్చునా అను ప్రశ్న చిరకాలముగ నున్నది. 2023లో నాందేడున జరిగిన సంఘటనలు దీనికి కొంత సమాధాన మీయగలవు.

గోదావరీతీరమందలి నాందేడు తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రమున నుండెను. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడును. 1988లో స్థాపితమై, శంకరరావు చవాన్ గారి పేర వెలసిన ప్రభుత్వ వైద్యకళాశాల ఇచట కలదు. విష్ణుపురిలోని దాని ఆసుపత్రికి పొరుగు జిల్లాలనుండియే గాక తెలంగాణ సరిహద్దునుండియు రోగులు వత్తురు.

2023 సెప్టెంబరు 30 అర్ధరాత్రి మొదలు 24 గంటలలో ఆ ఆసుపత్రియందు 24 మంది మరణించిరి. అందు 12 మంది పసికందులు. రెండు దినములలో మృతుల సంఖ్య 31కి చేరెను. మంజూరైన పడకలకంటె రోగులు మిక్కిలి హెచ్చనియు, బదిలీలవలన సిబ్బంది తగ్గెననియు, మందుల కొనుగోలులో చిక్కులు కలిగెననియు కళాశాల డీన్ తెలిపిరి. మందులకు కొరత లేదని ప్రభుత్వము పలికెను. అక్టోబరు 3న ఒక లోక్ సభ సభ్యుడు ఆసుపత్రికి వచ్చి, డీన్ చేత మరుగుదొడ్డి కడిగించెను. వైద్యసంఘములు దీనిని తీవ్రముగ ఖండించినవి. ఆ సభ్యునిపై కేసు నమోదైనది. మరొకవైపు, తల్లిని బిడ్డను కోల్పోయిన ఒక కుటుంబము ఫిర్యాదు చేయగా డీన్ పైనను కేసు పెట్టబడినది.

ఇచట రెండు దుఃఖములు ఎదురెదురుగ నిలిచినవి. బిడ్డను పోగొట్టుకొన్నవారికి కారణ మడుగు హక్కు కలదు. పనిముట్లు లేక పనిచేయువానిని అవమానించినంతమాత్రమున ఆ కారణము బయటపడదు. ఈ రెంటికిని త్రోవ చూపుటకే చట్టము లేర్పడినవి. వైద్యులపై దాడులను అరికట్టుటకు ఆంధ్రప్రదేశమున 2008లోను, మహారాష్ట్రమున 2010లోను శాసనములు వచ్చినవి. మహారాష్ట్ర శాసనము ననుసరించి మూడేండ్లవరకు కారాగారము, 50,000 రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. నిర్లక్ష్యారోపణ వచ్చినపుడు మరొక సమర్థుడైన వైద్యుని నిష్పాక్షికాభిప్రాయము తీసికొనవలెననియు, అలవాటుగ అరెస్టు చేయరాదనియు సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఈ తీర్పు వైద్యుని విచారణనుండి తప్పింపదు. విచారణను తగిన రీతిని నడిపించును.

నాందేడు మరణములను బొంబాయి హైకోర్టు 2023 అక్టోబరు 4న తనంతట తాను విచారణకు స్వీకరించెను. ఖాళీ ఉద్యోగములు, మందుల కొనుగోలు, ఆరోగ్యమునకు కేటాయించిన ధనము మున్నగు విషయములపై ప్రభుత్వమును ప్రశ్నించెను. వార్డులలో వైద్యులు నిత్యము ఎరిగియున్న లోటులు అట్లు న్యాయస్థానమున చర్చకు వచ్చినవి. దోషి యెవరను ప్రశ్నతోబాటు లోప మెచటనను ప్రశ్నయు పుట్టెను. రోగికి మేలు చేయునది ఈ రెండవ ప్రశ్నయే.

కావున వైద్యసంఘముల వాదనకు ఒక గీటురాయి కలదు. సహవృత్తికుని తప్పును కప్పిపుచ్చుటకు మాత్రమే లేచిన గొంతు రోగికి కొరగాదు. ఆపద రాకముందే పడకల లెక్క, మందుల నిలువ, ఖాళీల పట్టిక వ్రాతమూలముగ అధికారులకు తెలిపి, బదులు వచ్చువరకు అడుగు సంఘము ఉభయులకును రక్ష. రోగి స్థితిని బంధువులకు వారి భాషలో విప్పిచెప్పుటయు ఇందు చేరును. మరాఠీ తెలియని తెలుగు తల్లికి వార్డులో నాలుగు మాటలు తెలుగున చెప్పగల మనిషిని ఏర్పరచుట వైద్యసంఘములును తెలుగు సంఘములును కలిసి చేయదగిన పని. అనుమానము పెరిగి ఆగ్రహమగుటకు ముందే దానిని మాన్పు మందు అట్టి మాటయే.