మినుమును పీల్చే బంగారు తీగ

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము, పెసర చల్లడం రైతులకు ఏనాటి నుంచో అలవాటు. దుక్కి ఖర్చు లేదు. నేలలో మిగిలిన పదునుతోనే పంట చేతికొస్తుంది. ఈ రెండో పంటపై పెట్టుకున్న ఆశను దెబ్బతీసే కలుపు బంగారు తీగ. పచ్చని చేలో అక్కడక్కడ పసుపు దారాలు చిక్కుపడినట్టు కనిపిస్తే అది చేరిందన్నమాటే.

వేరుండదు, ఆకుండదు

తూటికాడ, చిలగడదుంపల కుటుంబానికి చెందినదే అయినా ఈ తీగకు ఆకులు లేవు. సొంతంగా ఆహారం తయారు చేసుకునే శక్తి దాదాపు లేదు. దారం లాంటి మొలక గింజలోని ఆహారంతో కొద్ది రోజులు బతుకుతుంది. వారం పది రోజుల్లో ఆసరా దొరక్కపోతే చచ్చిపోతుంది. దొరికితే కాండాన్ని చుట్టుకుని, పీల్చే వేళ్లను లోపలికి దింపుతుంది. అవి మొక్కలో నీరు, ఆహారం మోసే నాళాలను అందుకుంటాయి. ఆ పైన తీగ మొదలు ఎండి నేల నుంచి తెగిపోతుంది. అందుకే ఎంత వెతికినా దాని వేరు కనిపించదు.

ఈ మొలక వాసనను బట్టి ఆసరాను వెతుక్కుంటుందని అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించారు. గోధుమ కంటె టమాటా వైపే అది మొగ్గు చూపింది. చుట్టుకున్నాక సూక్ష్మమైన ఆర్.ఎన్.ఏ. తునకలను మొక్కలోకి పంపి, దాని జన్యువులు కొన్నింటిని పనిచేయకుండా చేస్తుందని అక్కడి వారే 2018లో కనుగొన్నారు.

గింజే అసలు శత్రువు

ఒక్కో తీగ వేల గింజలు రాలుస్తుంది. పైపొర గట్టిది గనుక అవన్నీ ఒకే ఏడు మొలవవు. పదేళ్లు దాటినా నేలలో బతికి ఉంటాయి. పశువులు మేస్తే పేడలోనూ చెడకుండా బయటపడతాయి.

విత్తనంలో ఈ గింజలు లేకుండా చూసుకోవడం మొదటి జాగ్రత్త. తీగ కనిపిస్తే పూత రాకముందే అది పట్టిన మినుము మొక్కలతో సహా పీకి కాల్చాలి. గట్టున గాని, కాలువలో గాని పారవేయరాదు. తీగను మాత్రం తెంపితే లాభం లేదు. మొక్కను అంటుకున్న ముక్క మళ్లీ చిగురిస్తుంది. మొలకెత్తక ముందు వాడే పెండిమిథాలిన్ వంటి మందుల మోతాదు, అదును వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవాలి. బెడద మితిమీరిన చేలో వరి తరువాత జొన్న, మొక్కజొన్న వేస్తే మేలు. గడ్డి జాతి పైర్ల జోలికి ఈ తీగ సాధారణంగా పోదు.

చిక్కల్లా కౌలు చేలలోనే. ఏటా చేతులు మారే భూమిలో నాలుగు మొక్కలు పీకడానికి కూలి ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. కౌలుదారు వెళ్లిపోయినా గింజ మాత్రం భూమిలోనే ఉంటుంది. ఆ కూలిని భూమి యజమాని కూడా పంచుకుంటే తన పొలాన్ని తాను కాపాడుకున్నట్టే.