ముట్టుకుంటే తెలుసు, మరి చూస్తే తెలుస్తుందా?

ఈ ఎపిసోడ్ అంతా ఒక్క ప్రశ్న మీదే. మూడొందల ఏళ్లు దాటిన ప్రశ్న. దాన్ని మన పలాసకి తెచ్చి అడుగుతా.

పుట్టుకతో చూపు లేని ఒకమ్మాయి జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతోంది అనుకోండి. గుండు ఏదో, బద్ద ఏదో చేత్తో తడిమి టక్కున చెప్పేస్తుంది. ఇప్పుడు ఆపరేషన్‌తో చూపొచ్చింది. రెండూ బల్ల మీద పెట్టాం, ముట్టుకోకూడదు. చూసి చెప్పగలదా?

చెప్పేస్తుంది కదా అనుకున్నారా? ఆగండి.

డబ్లిన్‌లో విలియం మాలినో అనే ఆయన దీన్ని బంతి, ఘనం పెట్టి అడిగాడు. పెళ్లైన కొన్నాళ్లకే ఆయన భార్యకి చూపు పోయింది, అందుకే నాకిది కాలక్షేపం పొడుపుకథలా అనిపించదు. జాన్ లాక్‌కి ఉత్తరం రాస్తే, ఆయన 1694లో తన పుస్తకం రెండో కూర్పులో దీన్ని వేసి, "చెప్పలేదు" అన్నాడు. లాక్ లెక్కలో పుట్టినప్పుడు మనసు ఖాళీ కాగితం. గుండ్రం అంటే ఏంటో చెయ్యి నేర్చుకుంది, కన్ను ఇంకా నేర్చుకోలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రెండూ వేరే ఫార్మాట్లు, కన్వర్టర్ ముందే ఇన్‌స్టాల్ అయి రాదు. 1709లో బర్క్‌లీ కూడా అదే మాట, ఇంకా గట్టిగా.

లైబ్నిట్జ్ ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్నవి ఆ రెండే అని ముందే చెప్తే, మూలలు ఉన్నదేదో లేనిదేదో ఆలోచించి పట్టేస్తారన్నాడు. నన్నడిగితే అది కొంచెం హింట్ ఇచ్చి పరీక్ష పెట్టడమే.

1728లో లండన్ సర్జన్ చెసెల్డెన్, శుక్లాలు తీసిన ఒక కుర్రాడి గురించి రాశాడు. కనిపించేవన్నీ తన కళ్లకి తగులుతున్నాయనుకున్నాడట. పిల్లి ఏదో కుక్క ఏదో తికమక. చివరికి పిల్లిని పట్టుకుని, తడుముతూ తేరిపార చూసి గుర్తుపెట్టుకున్నాడు.

అసలు పరీక్ష మన దేశంలోనే జరిగింది. పవన్ సిన్హా బృందం, ఢిల్లీలో, 8 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఐదుగురితో. ఫలితాలు 2011లో వచ్చాయి. ఆపరేషన్ అయిన రెండు రోజుల్లోపే, చేత్తో తడిమిన బొమ్మని కంటితో పోల్చమన్నారు. దాదాపు బొమ్మాబొరుసే! లాక్ గెలిచాడు. కానీ మళ్లీ పరీక్షించిన పిల్లలు కొద్దిరోజులకే బాగా పోల్చేశారు, ప్రత్యేకంగా ఎవరూ నేర్పకుండానే.

"ఇంత వయసొచ్చాక ఆపరేషన్ దండగ" అనే మాట మీరూ వినే ఉంటారు. కట్టు విప్పిన రోజు పిల్లాడు వస్తువుల్ని పోల్చలేకపోతే ఇంట్లోవాళ్లకి ఆ మాటే నిజమనిపిస్తుంది. మొదటి రోజు చూసి తేల్చేయొద్దు. అలాగని ఆలస్యం మంచిదనీ కాదు, ఎంత చిన్నప్పుడు చేయిస్తే అంత మేలు. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే వెంటనే కంటి డాక్టర్‌కి చూపించండి.